నాలుగేళ్ళు దాటిన ఓటీజీ, ఒక గాజు ట్రే, రైలు దిగే చుట్టాలు

2020 చివర్లో, ఊరంతా ఇళ్ళల్లో కూర్చుని కేకులు చేస్తున్న రోజుల్లో మేమూ ఒక 45 లీటర్ల ఓటీజీ కొన్నాం. ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ ఒకటే, పైనా కిందా రాడ్లు కరెంటుతో వేడెక్కే పెట్టె అన్నమాట. కేకులు మూడు నెలలకే మానేశాం. ఇప్పుడు దాంతో చేయించుకునేది ఒకటే పని. రాత్రి బ్రెడ్డు, గుడ్లు, పాలు కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే కాల్చే ట్రే. అమెరికాలో దీన్ని స్ట్రాటా అంటారు, పొరలు అని అర్థం. మా అమ్మ మాత్రం మొదటిసారి చూసి "ఇదేంట్రా, బ్రెడ్డుతో దిబ్బరొట్టె వేశావు" అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు బ్రెడ్డు దిబ్బ.

మేం ఉండేది బెంగళూరు కృష్ణరాజపురం స్టేషన్‌కి దగ్గర్లో. కాకినాడ వైపు నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ప్రతి చుట్టమూ ఇక్కడే దిగుతాడు. దిగేసరికి బాగా పొద్దెక్కుతుంది, టిఫిన్ వేళ దాటిపోయి ఉంటుంది, భోజనానికి ఇంకా టైం ఉంటుంది. స్నానాలయ్యేసరికి పదిమందీ ఒకేసారి ఆకలంటారు. అప్పుడు దోసెల పెనం దగ్గర నిలబడ్డామంటే ఆఖరి దోసె మనం తినేసరికి ఒంటిగంట. ఈ ట్రే అయితే వాళ్ళు స్నానాలు చేస్తుండగా దానంతటది కాలుతూ ఉంటుంది. నేను కాఫీ పట్టుకుని వాళ్ళతో కూర్చుంటా.

నా కొలత చెప్తా. 13 బై 9 అంగుళాల ట్రేకి 400 గ్రాముల బ్రెడ్డు, పది గుడ్లు, ముప్పావు లీటరు ఫుల్ క్రీమ్ పాలు, 200 గ్రాముల చీజ్. ఉల్లిపాయలు, క్యాప్సికం, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి చల్లార్చి పొరల మధ్య వేస్తా. చెంచాడు మిరియాల పొడి, కొత్తిమీర. ఎనిమిది మందికి కడుపు నిండుతుంది, మా బాబాయ్ లాంటివాళ్ళుంటే ఆరుగురికే. ప్రాసెస్డ్ చీజ్‌లో ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి గుడ్ల మిశ్రమంలో ఉప్పు తగ్గించాలి. అది తెలియక మొదటి ట్రేని ఊరగాయలా చేశాను.

బ్రెడ్డు దగ్గర బెంగళూరులో ఒక చిక్కుంది. ఇక్కడి బేకరీల్లో మామూలుగా బ్రెడ్డు అంటే తియ్యటిది చేతిలో పెడతారు. టీలో ముంచుకోవడానికి ఎంత బాగుంటుందో పచ్చిమిర్చీ చీజ్‌తో అంత ఘోరంగా ఉంటుంది. సాల్ట్ బ్రెడ్ అని అడగండి, ముక్కలు కోయకుండా ఇమ్మనండి. రెండు రోజులు నిలవున్నదైతే మరీ మంచిది. తాజాది పాలు తగలగానే ముద్దయిపోతుంది. ఎండింది మాత్రం మెల్లగా పీల్చుకుంటూ ముక్క ముక్కగానే నిలబడుతుంది. తాజాదే దొరికితే ఓటీజీలోనే 150 డిగ్రీల మీద పది నిమిషాలు ఆరబెడతా. పాలు పోశాక గరిటె వెనకవైపుతో ఒకసారి అదిమి, పావుగంట ఆగి మళ్ళీ అదమాలి. అప్పుడు పైకి తేలిన ముక్కలు కూడా తడుస్తాయి. ఎనిమిది గంటలు నానితే చాలు, పన్నెండయినా ఏమీ కాదు.

ఇక ఓటీజీ సంగతి. డయల్ మీద 180 పెడితే లోపల 160 దాటడం లేదని రెండేళ్ళ తర్వాత ఒక ఓవెన్ థర్మామీటర్ కొని పెడితే గానీ తెలీలేదు. అన్నాళ్ళూ నడిమధ్య పచ్చిగా ఉండిపోతుంటే గుడ్లు ఎక్కువయ్యాయేమో, పాలు ఎక్కువయ్యాయేమో అని వంటని తిట్టుకున్నా. ఇప్పుడు డయల్ 200 మీద పెట్టి, మొదటి అరగంట ఫాయిల్ కప్పి, తర్వాత తీసేసి ఇంకో పాతిక నిమిషాలు కాలుస్తా. పై రాడ్ మరీ దగ్గర, ఫాయిల్ లేకపోతే చీజ్ మాడుతుంది, లోపల మాత్రం జావలా ఉంటుంది. మధ్యలో గుచ్చి చూసే థర్మామీటర్ 71 డిగ్రీలు దాటితే గుడ్డు ఉడికినట్టే. అది లేకపోతే చాకు గుచ్చి తీయండి, పాల తడి అంటకూడదు. తీశాక పావుగంట ఆగి కోస్తేనే ముక్కలు నిలుస్తాయి. ఈ పావుగంట పిల్లల్ని ఆపడమే అసలు కష్టం.

ఇంకోటి, ఇది 2000 వాట్ల మెషిన్. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కి పెట్టకండి, గీజర్‌కుండే లాంటి 16 ఆంపియర్ల పాయింట్ కావాలి. మా వంటింట్లో అదొక్కటే ఉంది, అది కాస్తా ఫ్రిజ్ వెనకాల. మార్పించుకోవడానికి ఎలక్ట్రీషియన్ మూడు వారాలు తిప్పాడు. కొనేముందు ట్రేని పిడులతో సహా కొలుచుకోండి కూడా. 13 అంగుళాల ట్రే అంటారు గానీ పిడుల చివర నుంచి చివరకి 15 ఉంటుంది. మా చెల్లి చిన్న ఓటీజీ కొనుక్కుని ఇదే ట్రే తెప్పించుకుంది, తలుపు పడలేదు. ఇప్పుడు అందులో పెరుగు తోడేస్తోంది.

గాజు ట్రే మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది. అడుగు ఎర్రబడిందో లేదో బయటినుంచి కనిపించడం గొప్ప సుఖం. కానీ మొదటిది నా తొందరపాటుకే పోయింది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లోకి తోశా, అయిదు నిమిషాలకి లోపల టప్‌మని ఒక చప్పుడు. తలుపు తీస్తే ట్రే సరిగ్గా రెండు ముక్కలు, పాలూ గుడ్లూ కింద రాడ్ మీద పడి పొగ, హాల్లో పన్నెండు మంది. ఆ రోజు అందరం బయట ఇడ్లీలు తిన్నాం. ఆ కమురు కంపు ఓటీజీలోంచి పోవడానికి నెల పట్టింది. రెండోది బోరోసిలికేట్ గాజుది తెచ్చా, అది వేడి తేడాలకి బాగా తట్టుకుంటుంది, అయినా ముప్పావుగంట బయట పెట్టకుండా లోపలికి పంపను. అంతకుమించి గంటలు గంటలు బయట ఉంచకండి, అందులో ఉన్నవి పచ్చి గుడ్లు.

పాలకూర జోలికి పచ్చిగా వెళ్ళొద్దు. ఒకసారి కడిగి తరిగి అలాగే వేశా, కాలాక ట్రేలో పాలకూర చారు తేలింది. టమాటా, పుట్టగొడుగులు కూడా అంతే, నీరింకిపోయేదాకా వేయించాకే వెయ్యాలి.

గుడ్డు తినని వాళ్ళ సంగతి చాలా రోజులు తేలలేదు. కార్తీకమాసంలో అయితే సగం మంది తినరు. శనగపిండి, పెరుగు కలిపి గుడ్డుకు బదులు పోసి చూశా, రెండుసార్లూ పిండి వాసనే. దారి చూపించింది మళ్ళీ అమ్మే. "అసలు దిబ్బరొట్టే వెయ్యరా, మా అమ్మ మూత మీద నిప్పులు పోసి కాల్చేది, నీ పెట్టెలో పైనా కిందా ఉన్నవి అవేగా" అంది. నాలుగేళ్ళుగా చూస్తున్నా నాకు తట్టలేదు. గ్లాసు మినప్పప్పు రుబ్బి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేస్తా. పొద్దున ఇనప మూకుట్లో నూనె బాగా కాగబెట్టి, జీలకర్ర వేసి, పిండి పోసి ఓటీజీలోకి. 45 నిమిషాలకి అడుగూ పైనా ఎర్రగా, లోపల దూదిలా. నిజం చెప్పాలంటే చుట్టాల్లో చాలామంది ఇదే రెండోసారి అడుగుతారు. ఆవకాయ ఉంటే బ్రెడ్డు దిబ్బని ఎవడూ చూడడు.

రెండు ట్రేలు ఒకేసారి మాత్రం పెట్టకండి. పైది మాడుతుంది, కిందది తెల్లగా ఉండిపోతుంది, మధ్యలో మారుస్తూ కూర్చోవాలి. ఒకటి తీశాక ఇంకోటి పెట్టడమే మంచిది.

మళ్ళీ కొనాల్సి వస్తే ఓటీజీ ఇదే కొంటా, ట్రే మాత్రం అల్యూమినియంది తీసుకుంటా. త్వరగా వేడెక్కుతుంది, పగలదు. టమాటా ఉంటే రాత్రంతా ఉత్త అల్యూమినియంలో ఉంచకుండా అడుగున బటర్ పేపర్ పరిస్తే సరి.

వచ్చే ఆదివారం బాబాయ్ వాళ్ళు పదకొండు మంది దిగుతున్నారు. సాల్ట్ బ్రెడ్ శుక్రవారమే తెచ్చి పెట్టాలి.