ఆప్ట్‌కు సంతకం కీ ఎలా అప్పగించడం మేలు?

డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలు వాడేవారికి ఏదో ఒక రోజు ఈ పని తగులుతుంది. వాటిలో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను దింపి ఎక్కించే పనిముట్టు ఆప్ట్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కొత్త వెర్షనో, డాకర్ అనే ప్రోగ్రామో కావాలి. డిస్ట్రోతో, అంటే ఆ లినక్స్ రకంతో, వచ్చింది పాతది. తయారీదారు తన సొంత రిపాజిటరీ (ప్యాకేజీల గిడ్డంగి) చిరునామా ఇస్తాడు, దాంతోపాటు అక్కడి సంతకాన్ని సరిచూసే ఒక కీ ఇస్తాడు. ఆ కీని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఒక్కో సూచన ఒక్కో దారి చూపిస్తుంది. కర్ల్‌తో తెచ్చి ఆప్ట్-కీ యాడ్‌కు అందించమనేది ఒకటి, ట్రస్టెడ్.జీపీజీ.డీ డైరెక్టరీలో పడేయమనేది మరొకటి, కీరింగ్స్ డైరెక్టరీలో పెట్టి సైన్డ్-బై రాయమనేది ఇంకొకటి. ఏది చేసినా ప్యాకేజీ దిగిపోయేది కాబట్టి అన్నీ ఒకటే అనిపించేది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ముందు కీ చేసే పని చూద్దాం. ఆప్ట్ ఒక్కో డెబ్ ఫైలు (ప్యాకేజీ) మీద సంతకం వెతకదు. రిపాజిటరీకి ఇన్‌రిలీజ్ అనే ఒక ఫైలు ఉంటుంది, సంతకం దాని మీదే. అందులో ప్యాకేజీల జాబితాలకు షా-256 విలువలు (ఫైలు కాస్త మారినా మారిపోయే గుర్తులు) ఉంటాయి, ఆ జాబితాల్లో ఒక్కో డెబ్ ఫైలుకూ షా-256 విలువ ఉంటుంది. పైనున్న సంతకం సరిపోతే కిందిదంతా గొలుసుకట్టుగా తేలిపోతుంది. అంటే బరువంతా ఆ ఒక్క సంతకం మీదే. అది ఎవరిదై ఉండాలో చెప్పే తీరులోనే ఈ పద్ధతుల మధ్య తేడా ఉంది.

చెల్లుబాటయ్యే ముద్రలన్నీ ఒక పుస్తకంలో అంటించుకున్న గుమాస్తాను ఊహించుకోండి. కాగితం వస్తే దాని మీది ముద్ర పుస్తకంలో ఉందా లేదా అని మాత్రమే చూస్తాడు. బడి హెడ్మాస్టరు ముద్రతో పట్టాదారు పాసుపుస్తకం వచ్చినా దాఖలు చేసేస్తాడు. ఆప్ట్-కీ నడిపిన కార్యాలయం ఇదే. ఒక చాటింగ్ యాప్ కోసం చేర్చిన కీతో సంతకం చేసిన ఇన్‌రిలీజ్ డెబియన్ సొంత రిపాజిటరీ పేరుతో వచ్చినా చెల్లుతుంది. ఆ కీ దొంగ చేతిలో పడి, అతడు మీ మిర్రర్‌కూ (రిపాజిటరీ నకలు ఉండే సర్వరు) మీకూ మధ్య కూర్చోగలిగితే చాలు. రోజూ జరిగే సంగతేమీ కాదు గానీ, జరగకుండా ఆపగలిగే తలుపును మనమే తెరిచి ఉంచాల్సిన అవసరం ఏముంది?

ట్రస్టెడ్.జీపీజీ.డీ దీనికి మందు అని చాలామంది నమ్ముతారు. ఆప్ట్-కీ వాడొద్దన్న హెచ్చరిక పోతుంది కదా! నిజానికి అది ముద్రల పుస్తకాన్ని విడి కాగితాలు చేసి ఒక కట్టగా కట్టడమే. ఏ కీ ఏ ఫైలులో ఉందో తెలుస్తుంది, అక్కర్లేనిదాన్ని తీసేయడం సులువు. మేలు అంతవరకే. సైన్డ్-బై లేని ఏ రిపాజిటరీకైనా ఈ కట్టలోని ఏ కీ అయినా చెల్లుతుంది. ఆప్ట్-కీని వద్దనడం 2020లోనే మొదలైంది, డెబియన్ 13లో ఆ కమాండే లేదు. ఈ డైరెక్టరీ మాత్రం ఇంకా బతికే ఉంది. హెచ్చరిక మాయమైతే జబ్బు తగ్గిందనుకునే అలవాటు మనకు ఎక్కువ.

సైన్డ్-బై గుమాస్తాకు వేరే ఆదేశం ఇస్తుంది: ఈ చోటు నుంచి వచ్చే కాగితానికి ఈ ముద్ర ఒక్కటే చెల్లుతుంది. రిపాజిటరీ వివరాలు రాసే చోటే కీ ఫైలు దారి కూడా రాస్తాం. ఇది ఆప్ట్ 1.1 నుంచే ఉన్న సదుపాయం. చేత్తో తెచ్చుకున్న కీలకు ఈటీసీ కింది ఆప్ట్/కీరింగ్స్, ప్యాకేజీల ద్వారా వచ్చే కీలకు యూఎస్ఆర్ కింది షేర్/కీరింగ్స్ అన్న విభజన తర్వాత వచ్చింది. ఈ విభజన నాకు నచ్చుతుంది. ఫైలు ఉన్న చోటు చూస్తే చాలు, దాని బాగోగులు ఎవరి పూచీయో తెలిసిపోతుంది.

ఇందులో కాలు జారే చోట్లు రెండున్నాయి. ఒకటి ఫైలు పేరు. అక్షరాల రూపంలో ఉన్న కీకి .ఏఎస్‌సీ, బైనరీ కీకి .జీపీజీ అని ఉండాలి. తారుమారైతే ఆప్ట్ ఆ ఫైలును పక్కన పెట్టేస్తుంది. ఆప్ట్ 1.4 నుంచి .ఏఎస్‌సీ ఫైలును నేరుగా చదువుతుంది కాబట్టి అక్షరాల కీని బైనరీగా మార్చే డీఆర్మర్ వరుస ఇప్పుడు చాలాచోట్ల దండగే. రెండోది నా పూట ఒకటి తినేసింది. రూట్ (నిర్వాహక యూజరు) యూమాస్క్ 077గా, అంటే కొత్త ఫైళ్ళను తాను తప్ప ఇంకెవరూ చదవలేనట్టుగా, ఉన్న సర్వరులో కీని దింపాను. అప్‌డేట్ ఇస్తే నో_పబ్‌కీ, అంటే కీ లేదు, అని వచ్చింది. ఎల్ఎస్ కొడితే ఫైలు అక్కడే కనబడుతోంది, ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే పొడవాటి సంఖ్య) సరిపోతోంది. మూడుసార్లు మళ్ళీ దింపుకున్నాను. తీరా చూస్తే ఫైలు అనుమతి 600. సంతకం సరిచూసే పనిని ఆప్ట్ రూట్‌గా చేయదు, _ఆప్ట్ అనే వేరే యూజరుగా చేస్తుంది, ఆ యూజరుకు ఫైలు చదివే హక్కు లేదు. అందరూ చదవగలిగే 644కు మార్చగానే దారికొచ్చింది.

ఇక కీని విడి ఫైలుగా కాకుండా, రిపాజిటరీ వివరాలు ఉండే .సోర్సెస్ ఫైలులోనే సైన్డ్-బై కింద మొత్తంగా అంటించే పద్ధతి. ఉబుంటు 23.10 నుంచి పీపీఏ (వ్యక్తిగత రిపాజిటరీ) చేర్చితే జరిగేది ఇదే. ఒక్క ఫైలు పట్టుకెళ్తే రిపాజిటరీ, కీ రెండూ వెళ్తాయి, ఒకటి ఉండి మరొకటి లేకపోవడం ఉండదు. యంత్రాలు రాసే ఫైళ్ళకు ఇది బాగుంది. మనిషి రాయాలంటే ప్రతి వరుస ముందూ ఖాళీ వదలాలి, ఖాళీ వరుస ఉన్నచోట చుక్క పెట్టాలి. కీ మారినప్పుడు ఆ అక్షరాల గోడను మళ్ళీ చేత్తో కట్టాలి. నేనైతే దీన్ని చేత్తో రాయను.

కీ మారడమే అసలు తలనొప్పి. ఒక సోమవారం పొద్దున ఒకే రిపాజిటరీ మీద ఆధారపడిన మా యంత్రాలన్నీ ఎక్స్‌పీకీసిగ్ అని మొరపెట్టుకున్నాయి, కీ గడువు శనివారంతో తీరిపోయింది. తయారీదారు గడువు పొడిగించిన కీని ముందే పెట్టాడు, మేమే తెచ్చుకోలేదు. చేత్తో పెట్టిన కీ తనంతట తాను మారదు. అదే కీరింగ్ ప్యాకేజీ (కీలనే ప్యాకేజీగా అందించేది) అయితే మామూలు అప్‌గ్రేడ్‌లోనే కొత్త కీ వచ్చి కూర్చుంటుంది. డెబియన్ తన కీలను డెబియన్-ఆర్కైవ్-కీరింగ్ ద్వారా అందించేది ఇందుకే. బయటివాడికి ఆ అధికారం ఇస్తామా అని కొందరు నొసలు చిట్లిస్తారు. వాడి ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దాని స్క్రిప్టులు రూట్‌గా నడుస్తాయి. కావాలనుకుంటే వాడు అప్పుడే ఏమైనా చేయగలడు. ఇంటి పెత్తనం అప్పగించి పెట్టె తాళానికి బెంగపడడం లాంటిది ఇది. నేను చూసేది ఒక్కటే: ఆ ప్యాకేజీ కీని ఎక్కడ పెడుతోంది? డీపీకేజీ -ఎల్ ఇచ్చి అది పెట్టిన ఫైళ్ళ జాబితా చూస్తాను. ట్రస్టెడ్.జీపీజీ.డీలో పెట్టేదైతే నాకొద్దు.

సైన్డ్-బైని గోడ అనుకునేవారికి ఒక మాట. అది ఇతర రిపాజిటరీల పేరుతో సంతకం చేయకుండా ఆపుతుందే తప్ప, ఆ రిపాజిటరీ తన పేరుతోనే లిబ్‌సీ6 అనే మూల లైబ్రరీని పెద్ద వెర్షన్ నంబరుతో పెడితే ఆపదు. మామూలుగా డిస్ట్రోదీ, దానిదీ రెండింటి ప్రాధాన్యం 500, పెద్ద నంబరు ఉన్నదే గెలుస్తుంది. దాన్ని ఆపేది పిన్నింగ్, అంటే ప్రాధాన్యాలను మనమే రాసిపెట్టడం. ఆ రిపాజిటరీ మొత్తానికి ప్రాధాన్యం 1 ఇచ్చి, మనకు కావలసిన ఒకటి రెండు ప్యాకేజీలకు మాత్రం 500 ఇవ్వాలి. సైన్డ్-బై రాసేవారు పదిమందైతే ఇది రాసేవారిని నేను ఇంతవరకు ఇద్దరినే చూశాను.

పక్కింటి పద్ధతులు ఇంతకంటే మేలా? ఆర్చ్ లినక్స్‌లో ఐదు ప్రధాన కీలు ఉంటాయి. వాటిలో మూడింటి ఆమోదం ఉంటేనే ప్యాకేజీ చేసేవారి కీ నమ్మదగినది. ఏర్పాటు ముచ్చటైనదే గానీ, నెలల తరబడి మూలనపెట్టిన ల్యాప్‌టాప్‌ను అప్‌డేట్ చేయబోతే ముందు ఆర్చ్‌లినక్స్-కీరింగ్‌ను తెచ్చుకోవాల్సి వస్తుంది. ఫెడోరాలో ఒక్కో ఆర్‌పీఎం (అక్కడి ప్యాకేజీ ఫైలు) మీదా సంతకం ఉంటుంది, రిపో ఫైలులో జీపీజీకీ అనే వరుస కూడా సైన్డ్-బైలాగే కనబడుతుంది. కానీ ఒకసారి ఒప్పుకున్నాక ఆ కీ ఆర్‌పీఎం డేటాబేస్‌లో చేరి అన్నిటికీ చెల్లుతుంది. మళ్ళీ అదే గుమాస్తా, అదే పుస్తకం.

కాబట్టి నా వరస ఇది. తయారీదారు మంచి కీరింగ్ ప్యాకేజీ ఇస్తే అది, లేకపోతే ఆప్ట్/కీరింగ్స్‌లో కీ ఫైలు, సైన్డ్-బై, పిన్నింగ్. పది యంత్రాలు దాటితే, చాలా యంత్రాలను ఒకేసారి సర్దే ఆన్సిబుల్‌లోని డెబ్822_రిపాజిటరీ మాడ్యూల్‌తో అదే పని. కీ దింపుకున్న ప్రతిసారీ జీపీజీ షో-కీస్‌తో 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్ మొత్తం పోల్చుకుంటాను. చివరి ఎనిమిది అక్షరాలు మాత్రమే చూస్తే లాభం లేదు, అవి సరిపోయేలా నకిలీ కీలు చేయవచ్చని 2014 నాటికే చేసి చూపించారు.

పోయిన నెల పాత సర్వరు ఒకదానిలో ట్రస్టెడ్.జీపీజీ.డీ తెరిచి చూశాను. డిస్ట్రో కీలు కాక మరో ఐదున్నాయి. నాలుగింటికి యజమాని దొరికాడు, సైన్డ్-బైకి మార్చాను. ఐదోది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. తీసేసి ఆప్ట్ అప్‌డేట్ ఇచ్చాను. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.