అన్న ఏరిన పది పాటలు

ముందే చెప్పేస్తున్నా, నేను బ్లూస్ పండితుణ్ణి కాదు. బ్లూస్ అంటే అమెరికాలో నల్లజాతివాళ్ల దగ్గర పుట్టిన సంగీతం. తిరుపతి కొర్లగుంటలో మొబైల్ రిపేర్ షాపు నాది, ముహూర్తాలున్న నెలల్లో ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తా. కాబట్టి ఇది పెళ్లి రిసెప్షన్‌లో ఇళయరాజా పాటలు వాయించే చెయ్యి రాస్తున్న రివ్యూ, అలాగే చదవండి.

కొన్నది స్టీవీ రే వాన్ ఆల్బం, పేరు ద స్కై ఈజ్ క్రయింగ్. అతను 1990 ఆగస్టులో పోయాడు, ఈ ఆల్బం వచ్చింది 1991 నవంబర్‌లో. తెలియనివాళ్లకి రెండు ముక్కలు: అమెరికాలో టెక్సాస్‌లోని డాలస్ కుర్రాడు, బ్లూస్ గిటారిస్టు, 1954లో పుట్టాడు, తన బ్యాండు డబుల్ ట్రబుల్‌తో బతికుండగా స్టూడియోలో చేసిన ఆల్బంలు నాలుగే. విస్కాన్సిన్‌లో ఒక పెద్ద కచేరీ ముగించుకుని అర్ధరాత్రి దాటాక హెలికాప్టర్ ఎక్కితే అది పొగమంచులో కొండని గుద్దేసింది. ముప్పై అయిదేళ్లు. ఆ తర్వాత అతని పేరు మీద వచ్చిన రికార్డులు బతికుండగా వచ్చినవాటికంటే ఎక్కువ. అందుకే ఈ రివ్యూ, ఏది కొనాలో ఏది వదిలేయాలో తెలియక నేను చాలా డబ్బు తగలేశాను కాబట్టి.

ముందు ఎల్పీ గోల. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఆర్డర్ పెట్టా, పెట్టింది మే నెలలో, అది నా తెలివి. రేణిగుంట రోడ్డు మీద కొరియర్ వ్యాన్ ఎన్ని గంటలు ఎండలో నిలబడిందో, అట్టపెట్టె విప్పితే రికార్డు నూనెలో వేసిన అప్పడంలా ఒక పక్క పైకి లేచి ఉంది. సీలు తీసిన సరుకు వాపసు తీసుకోం అని వాళ్ల జవాబు. సీలు తీయకుండా వంకర ఎలా కనపడుతుంది సామీ అంటే మళ్లీ అదే జవాబు. ఇంక చేసేదేముంది, ఫొటో ఫ్రేముల షాపులో రెండు గాజు పలకలు కోయించుకొచ్చి, మధ్యలో రికార్డు పెట్టి, పైన పాతిక కేజీల బియ్యం మూట ఎత్తా. అమ్మ రోజూ అన్నానికి బియ్యం తీసేకొద్దీ బరువు తగ్గిపోతుందని నాకు టెన్షన్. పదిరోజులకి ముప్పాతిక వంతు సరి అయింది, అంచు మాత్రం కాలేదు. అంచు మీద ఉండేది మొదటి పాట. అది చేతివేలికి గొట్టం తొడుక్కుని తీగల మీద జారుస్తూ వాయించే స్లైడ్ గిటార్ పాట, అసలే స్వరం జారుతుంటే దానికి రికార్డు వంకర తోడైంది. రెండు వారాలు అది అతని స్టైల్ అనుకుని మెచ్చుకున్నా. తర్వాత సీడీ తెప్పించి వింటే గానీ తెలిసిరాలేదు నేను మెచ్చుకున్నది రేణిగుంట ఎండని అని.

సరే, పాటలు. పది ఉన్నాయి, అన్నీ కలిపి నలభై నిమిషాలు కూడా లేవు. 1984 నుంచి 1989 దాకా మూడు ఆల్బంల కోసం రికార్డు చేస్తూ ఆల్బంలోకి ఎక్కించకుండా వదిలేసినవి. వదిలేసినవంటే తాలు అనుకుంటాం కదా, నేనూ అదే అనుకున్నా. కానీ వీటిని ఏరింది కంపెనీ కాదు, అతని అన్న జిమ్మీ వాన్. మూడేళ్లు పెద్ద, తనూ గిటారిస్టే, తమ్ముడికి గిటార్ పిచ్చి పట్టించింది ఆయనే. ఇద్దరూ కలిసి ఒక ఆల్బం చేసి పెట్టుకుంటే అది తమ్ముడు పోయిన నెలకి, 1990 సెప్టెంబర్‌లో బయటికొచ్చింది. ఇంట్లో మనిషి పోయాక ఆ బీరువా ఎవరో ఒకరు తెరవాలి. అప్పులవాళ్లు తెరిస్తే ఒకలా ఉంటుంది, అన్న తెరిస్తే ఒకలా ఉంటుంది. ఈ సీడీలో ఆ తేడా చెవికి తెలుస్తుంది: సగంలో ఆగిపోయిన పాట లేదు, నంబర్ కోసం ఇరికించింది లేదు, ఎవరో కొత్తవాళ్లు వచ్చి పైన వాయించిన వాసన లేదు.

ఆ చివరిది ఎందుకన్నానంటే ఇతనికంటే ముందుతరం గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌కి అలా జరిగింది. ఆయన 1970లో పోతే, 1975లో వచ్చిన రెండు ఆల్బంలలో నిర్మాత అసలు బ్యాండువాళ్లు వాయించింది చాలావరకు తీసేసి అద్దె వాయిద్యగాళ్లతో మళ్లీ వాయించి పెట్టాడు. చనిపోయిన మనిషి గిటార్, దాని చుట్టూ ఆయన మొహం కూడా చూడని బ్యాండు. తలుచుకుంటేనే అదోలా ఉంటుంది.

అదే హెండ్రిక్స్ పాట ఒకటి ఈ ఆల్బంలో నాలుగోది, లిటిల్ వింగ్. దీని కోసమే కొన్నా, దీని కోసం మళ్లీ కొనమన్నా కొంటా. హెండ్రిక్స్ 1967లో రెండున్నర నిమిషాలు కూడా కాకుండా ముగించేసిన పాట, ఇతను దాదాపు ఏడు నిమిషాలు లాగాడు, అదీ ఒక్క మాట పాడకుండా. 1984లో రికార్డు చేశాడు. ఆ ఏడాది ఆల్బంలో హెండ్రిక్స్‌ది ఇంకో పాట ఉంది, ఒక్క ఆల్బంలో రెండెందుకు అనుకున్నాడేమో మరి, పక్కన పెట్టేశాడు. ఏడేళ్లు టేపులోనే ఉంది. బయటికొచ్చాక దానికి గ్రామీ, ఆల్బంకి ఇంకో గ్రామీ.

ఎలా ఉంటుందంటే, మొదట్లో తీగని గోటితో తాకినట్టు, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారు లేపకూడదు అన్నట్టు వాయిస్తాడు. తర్వాత ఒక్కసారిగా ఆంప్లిఫయర్ నోరు తెరుస్తుంది. మళ్లీ తగ్గుతుంది. ఈ ఎక్కడం దిగడం నాలుగైదుసార్లు. చిత్తూరులో ఒక రిసెప్షన్‌కి పోతూ కారులో పెట్టా, నడిపేది మా బావ, ఆర్కెస్ట్రాలో కీబోర్డు ఆయనదే, ఇంగ్లీషు పాటలంటే పడదు. చంద్రగిరి దాటాక ఈ పాట వచ్చింది. ఆ మెల్లగా వాయించే చోట బావ ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాచి ఏసీ ఆపేశాడు, సరిగ్గా వినపడడం లేదని. బయట నలభై డిగ్రీలు. చెమట కారుతున్నా పాట అయ్యేదాకా మళ్లీ వెయ్యలేదు.

"ఎవురు బావా ఈయన?"

"పోయినాడు, తొంభైలోనే. ఇది ఆయన పోయినాక వచ్చింది."

"ఇంత బాగా వాయించి లోపల పెట్టుకోని ఏం చేస్తా ఉన్నాడంట?"

దానికి నా దగ్గర జవాబు లేదు. చిత్తూరు చేరేలోపు ఆల్బం రెండుసార్లు తిరిగింది, రెండోసారి పెట్టమన్నది బావే.

గిటార్ వాయించేవాళ్ల కోసం ఒక మాట. ఆ లావు సౌండు ఎక్కడిదంటే కొంత తీగల్లోంచే. మనం మామూలుగా సన్నతీగ తొమ్మిదో పదో వేసుకుంటాం, ఇతను పదమూడు వేసేవాడు, అంటే 0.013 అంగుళాలు, అర స్వరం దించి శృతి చేసుకునేవాడు. మన ఊళ్లో పదిని మించి దొరకలేదు, చెన్నై నుంచి తెప్పించి బిగించా. వీణలో గమకానికి తీగని పక్కకి లాగినట్టు గిటార్ తీగని మెట్టు మీద పైకి తోయాలి కదా, ఇది కదిలితేగా! మంచం నవారు తోసినట్టుంది. మూడో రోజుకి ఉంగరం వేలి కొన చర్మం ఉల్లిపొరలా లేచింది, షాపులో ఫోన్ల స్క్రూలు పట్టుకోవడం కూడా కష్టమైంది. అతనికీ చర్మం ఊడేదట, సూపర్ గ్లూతో అతికించుకుని వాయించేవాడట. నేను మళ్లీ పదికి వచ్చేశా.

మిగతావాటిలో రెండు మూడు నాకు మామూలుగా అనిపించాయి. ఆల్బం పేరుగా పెట్టిన రెండో పాట బాగుంటుంది, పాత ఎల్మోర్ జేమ్స్ పాట. కానీ చివరి పాట దగ్గర మాత్రం ఆగాలి. బ్యాండు లేదు, ఆంప్లిఫయర్ లేదు, పన్నెండు తీగల అకౌస్టిక్ గిటార్, ఒక గొంతు, అంతే, రెండున్నర నిమిషాలు. రాసినవాళ్లలో ఒకరు ఇతని పాత స్నేహితుడు డోయిల్ బ్రామ్‌హాల్. తాగుడులో మునిగి తేలిన ఇద్దరు స్నేహితుల గురించి పాట. స్టీవీ 1986లో మందూ కొకైనూ మానేశాడు, ఆ తర్వాత నాలుగేళ్లే బతికాడు, ఆ నాలుగేళ్లూ మానేసే ఉన్నాడు. అది తెలిసి వింటే వేరేగా ఉంటుంది. జిమ్మీ దీన్ని చివర పెట్టాడు, దీని తర్వాత ఇంకేదీ పెట్టలేడు కూడా.

మన ఊరివాళ్లకి ఇంకోలా చెప్తా. తిరుమలలో సంకీర్తనా భండారంలో దొరికిన రాగిరేకుల మీద అన్నమయ్య పాట ఉంది, రాగం పేరు ఉంది, వరస లేదు. మనం వినే వరసలు చాలావరకు తర్వాతివాళ్లు కట్టినవే. ఇక్కడ లిటిల్ వింగ్‌లో వరసంతా ఉంది, వేలు తీగ మీద జారిన చప్పుడుతో సహా, మాటలే లేవు. ఎవరిది అదృష్టమో తేల్చుకోలేకపోయా.

ఇంక మిగిలిన రికార్డులు త్వరగా. ఇన్ సెషన్ అని ఒకటుంది, ఆల్బర్ట్ కింగ్‌తో కలిసి 1983 డిసెంబర్‌లో కెనడాలో ఒక టీవీ స్టూడియోలో వాయించింది, బయటికొచ్చింది 1999లో, అప్పటికి ఇద్దరూ లేరు. ఆయనకి అరవై, ఇతనికి ఇరవై తొమ్మిది. ఆల్బర్ట్ కింగ్ ఎడమచేతివాటం, కుడిచేతి గిటార్‌నే తలకిందులుగా పట్టుకుంటాడు, మనం పైకి తోసే తీగని ఆయన కిందకి లాగుతాడు. స్టీవీ సగం విద్య ఈయన రికార్డులు విని నేర్చుకున్నదే. ఇందులో ఒక్క పాట తప్ప అన్నీ పెద్దాయన వాయించే పాటలే, కుర్రాడు పక్కన ఒదిగి ఉంటాడు, సందు దొరికినప్పుడు విజృంభిస్తాడు, పాటకీ పాటకీ మధ్య వాళ్ల మాటలు కూడా ఉంచారు. ఒక పాట పదిహేను నిమిషాలు, బావ కూడా అక్కడ చేతులెత్తేశాడు. నాకు మాత్రం మన కచేరీల్లో గురువుగారు శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాయించినట్టే అనిపించింది.

ఇన్ ద బిగినింగ్ అనేది 1980 ఏప్రిల్ ఒకటిన ఆస్టిన్‌లో ఒక క్లబ్బులో వాయించినది, రేడియోలో వచ్చిందే, 1992లో అమ్మారు. ఇంకా పేరు రాని రోజులు, వేగం ఎక్కువ, ఓపిక తక్కువ. అభిమానులకి సరే, మొదటిసారి వినేవాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు. 1984లో కార్నెగీ హాల్‌లో, ముప్పయ్యో పుట్టినరోజు మర్నాడు వాయించినది 1997లో వచ్చింది, బాకాల బృందం కూడా ఉంది, పండగలా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ కచేరీలది రెండు సీడీలు. అందులో 1982 నాటి దాంట్లో జనం ఛీ కొట్టిన అరుపులు అలాగే ఉంచారు. పెళ్లిలో 'ఆపండయ్యా, మైకు మావాళ్లకియ్యండి' అనిపించుకున్న నాలాంటివాడికి అది వినడం పెద్ద ఊరట. ఆ కచేరీ విన్నవాళ్లలో ఇంగ్లండ్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఉన్నాడు, అక్కణ్ణుంచే ఇతని దశ తిరిగింది.

హిట్స్ పేరుతో అవే పాటలు అటూ ఇటూ కలిపి కొత్త అట్ట వేసిన సీడీలు బోలెడు. నా దగ్గర రెండున్నాయి, ఎవరికైనా కావాలంటే షాపుకొచ్చి తీసుకుపోండి, డబ్బులొద్దు.

ఒక్కటే కొంటామంటే అన్న ఏరిన పది పాటలది కొనండి, రెండోది కొనే స్తోమతుంటే ఆల్బర్ట్ కింగ్‌ది. సీడీ తీసుకోండి. ఎల్పీనే కావాలంటే సంక్రాంతి ముందు తెప్పించుకోండి, మేలో మాత్రం వద్దు. ఆ గాజు పలకలు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి, కావాలంటే ఇస్తా, బియ్యం మూట మీరు తెచ్చుకోవాలి.