ఎలక్ట్రిక్ కారు వారంటీ అయ్యాక ఏది మేలు? పొడిగించుకోవడమా, ఆ డబ్బు రిపేర్లకు దాచుకోవడమా?

ఎలక్ట్రిక్ కారున్న వాళ్లు ఈ మధ్య ఎక్కడ కలిసినా అడుగుతున్నది ఇదే: "వారంటీ అయిపోవస్తోంది, ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమని ఒకటే ఫోన్లు. తీసుకోమంటారా, వద్దంటారా?" సెకండ్ హ్యాండ్‌లో కొనబోయేవాళ్లు కూడా ఇదే ప్రశ్నను ఇంకో రకంగా అడుగుతారు. నా కారుకీ ఆ గడువు వచ్చింది. నేను పొడిగించలేదు, ఆ డబ్బు పక్కన పెట్టుకున్నాను. నాకు సరిపోయింది కదా అని అందరినీ అదే చేయమనను. తేల్చేది ఒక్క విషయం ఉంది, అది కారును బట్టీ ఉండే చోటును బట్టీ మారుతుంది.

దానికంటే ముందు భయం ఎక్కడ ఉండాలో చూద్దాం. అందరూ భయపడేది పెద్ద బ్యాటరీ గురించి. కారు కొన్నప్పుడు మనకు ఇచ్చేది నిజానికి రెండు వారంటీలు. బ్యాటరీకి చాలా కంపెనీలు ఇచ్చేది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆలోపు కెపాసిటీ 70 శాతం కంటే కిందికి దిగితే బాగుచేస్తారు, లేదా మారుస్తారు. మిగతా కారుకు మాత్రం సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లే, కొందరు 7 కూడా ఇస్తారు. అంటే కారు వారంటీ అయిపోయి బ్యాటరీ వారంటీ ఇంకా నడుస్తున్న కాలం ఒకటి ఉంటుంది. జేబుకు చిల్లు పడేది ఎక్కువగా అప్పుడే. కారులోనే ఉండే ఆన్‌బోర్డ్ ఛార్జర్, పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టుల బ్యాటరీని ఛార్జ్ చేసే డీసీ-డీసీ కన్వర్టర్, ఏసీ కంప్రెసర్, హీటర్, కూలంట్ పంపులు, ఛార్జింగ్ పోర్టు, టచ్‌స్క్రీన్... చాలా కంపెనీల్లో ఇవి బ్యాటరీ వారంటీ కిందికి రావు. మోటారును, ఇన్వర్టర్‌ను కొన్ని కంపెనీలు బ్యాటరీతో కలిపే కవర్ చేస్తాయి, కొన్ని చేయవు. మీ వారంటీ బుక్‌లెట్‌లో ఆ ఒక్క పేజీ తీసి చదవండి, సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

ఇక బ్యాటరీ సంగతి. వాహనాల డేటా సేకరించే జియోట్యాబ్ సంస్థ 2024లో వేల వాహనాల డేటా చూసి, కెపాసిటీ సగటున ఏడాదికి 1.8 శాతం చొప్పున తగ్గుతోందని చెప్పింది. ఆ లెక్కన పదేళ్ల కారుకు కూడా 80 శాతం పైనే మిగులుతుంది. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేని తొలినాటి నిస్సాన్ లీఫ్‌ల లాంటివి ఎండ ప్రాంతాల్లో ఇంతకంటే త్వరగా నీరసించాయి, ఆ భయం అక్కడ పుట్టిందే. ఇప్పటి కార్లలో బ్యాటరీ మెల్లగా అరిగిపోయి ఖర్చు పెట్టించడం అరుదు. ఖర్చు వచ్చేది అందులో ఏదో ఒక భాగం హఠాత్తుగా మొరాయించినప్పుడు. అప్పుడు ఎంతవుతుందన్నది పాడైన భాగం విలువను బట్టి కాదు, దాన్ని విప్పి చూసేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికీ పైన ఉండాల్సిన ప్రశ్న అదే.

ఒక ఉదాహరణ చెబుతాను. వారంటీ అయ్యాక నా కారు ఇంట్లో ఛార్జ్ కావడం మానేసింది. ప్లగ్ పెడితే లోపల రిలే టక్‌మనేది, కొన్ని సెకన్లకు ఎర్ర లైటు. నేరుగా డీసీ కరెంటు ఇచ్చే ఫాస్ట్ ఛార్జర్ దగ్గర మాత్రం బాగానే ఎక్కేది. దీన్నిబట్టి లోపం బ్యాటరీలో కాదు, ఇంటి ఏసీ కరెంటును డీసీగా మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్‌లో ఉందని తేలిపోయింది. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి యూనిట్ మొత్తం మార్చాలన్నారు. వాళ్లను తప్పు పట్టను. ఆ డబ్బా విప్పే అనుమతి వాళ్లకు లేదు, లోపలి భాగాలు విడిగా వాళ్లకు రావు.

బయట ఎలక్ట్రిక్ కార్లు మాత్రమే చూసే మెకానిక్ ఒకాయన దాన్ని విప్పాడు. ముందు హై వోల్టేజ్ సర్వీస్ ప్లగ్ తీసి, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోయేదాకా ఆగాడు. మీటరు పెట్టి సున్నా చూశాకే, అదీ 1,000 వోల్టుల గ్లవ్స్ వేసుకునే, లోపల చెయ్యి పెట్టాడు. కూలంట్ దించి, డబ్బా కిందికి తీసి, మూత చుట్టూ ఉన్న సిలికాన్ సీలును బ్లేడుతో కోశాడు. ఇన్‌పుట్ దగ్గర, మొదట వచ్చే కరెంటు ఉప్పెనను ఆపే రెసిస్టర్ ఒకటి కాలి నల్లబడి ఉంది, దాని పక్కన రిలే అతుక్కుపోయి ఉంది. ఆ రెండూ మార్చి, కొత్త సీలు వేసి, లీకు లేదని గాలి ప్రెషర్‌తో పరీక్షించి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలిచి, కూలంట్‌లో గాలి బుడగలు పోయేదాకా పంపు తిప్పి ఇచ్చాడు. అంతా కలిపి కొత్త యూనిట్ ధరలో పదో వంతు కూడా కాలేదు. పాడైంది రెండే చిన్న భాగాలు, వాటికోసం యూనిట్ మొత్తం ధర కట్టాల్సి వచ్చేది.

పెద్ద బ్యాటరీ విషయంలోనూ ఇంతే. పెద్ద బ్యాటరీ మొత్తాన్ని ప్యాక్ అంటారు, అందులో కొన్నేసి సెల్స్ కలిపి పెట్టిన డబ్బాలే మాడ్యూళ్లు. తొలి లీఫ్ ప్యాక్‌లో 48 మాడ్యూళ్లు, 192 సెల్స్ ఉంటాయి. టెస్లా మోడల్ ఎస్ 85లో 16 మాడ్యూళ్లు, 7,104 సెల్స్. వరుసగా కలిపిన సెల్స్‌లో ఒక్క గుంపు బలహీనపడితే చాలు, కారు ఆ గుంపు ఎంత మోయగలదో అంతే నడుస్తుంది. డిస్‌ప్లేలో 20 శాతం ఉండగానే బండి ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. విప్పగలిగిన ప్యాక్ అయితే ఆ ఒక్క మాడ్యూల్ మార్చి గండం గట్టెక్కవచ్చు. అయితే కొత్త మాడ్యూల్‌ను పాత ప్యాక్‌లో అలాగే పెట్టేస్తే కుదరదు. మిగతావాటితో దాని కెపాసిటీ, వోల్టేజ్ సరితూగాలి, లేకపోతే కొన్నాళ్లకే మళ్లీ అదే తంతు. కాబట్టి "మాడ్యూల్ ఎక్కడిది, దాని కెపాసిటీ కొలిచారా?" అని అడిగి, సూటిగా సమాధానం చెప్పే చోటే కారు ఇవ్వాలి.

ఇక్కడే కార్ల మధ్య తేడా వస్తుంది. మాడ్యూళ్లు లేకుండా సెల్స్‌ను నేరుగా ప్యాక్‌లో అమర్చే డిజైన్లు పెరుగుతున్నాయి. 2020లో బీవైడీ తెచ్చిన బ్లేడ్ బ్యాటరీ ఆ దారిలోదే. 4680 అనే పెద్ద సైజు సెల్స్‌తో వచ్చిన టెస్లా మోడల్ వైలో ప్యాకే కారు ఫ్లోర్‌లో భాగం, సెల్స్ మధ్య గట్టి ఫోమ్ నింపి ఉంటుంది. బరువు తగ్గుతుంది, తయారీ సులువవుతుంది, కానీ బయట మెకానిక్ చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఎలక్ట్రానిక్స్‌లోనూ ఇదే పోకడ. హ్యుందాయ్, కియా కార్లలో ఆన్‌బోర్డ్ ఛార్జర్, డీసీ-డీసీ కన్వర్టర్ కలిసి ఐసీసీయూ అనే ఒకే యూనిట్‌గా వస్తాయి. దానిలో లోపం వల్ల 12 వోల్టుల బ్యాటరీకి ఛార్జ్ అందక కార్లు దారిలో ఆగిపోయే ప్రమాదం ఉందని 2024లో రీకాల్ చేశారు, అంటే ఉచితంగా సరిచేయడానికి కంపెనీయే వెనక్కి పిలిచింది. రెండు పనులు ఒకే యూనిట్‌లో ఉన్నప్పుడు ఒకటి పాడైనా రెండింటి ఖర్చూ పడుతుంది.

వారంటీ పొడిగింపు ఎవరికి మేలో ఇప్పుడు చెప్పుకోవచ్చు. మీ కారు ఇలా కలిపి, మూసేసిన డిజైన్‌దా? విప్పగల మెకానిక్ మీకు అందుబాటులో లేడా? మోడల్ మార్కెట్లోకి వచ్చిన తొలి నెలల్లోనే కొన్నారా? రోజూ చాలా దూరం తిరుగుతారా? వీటిలో రెండింటికి అవునంటే కళ్లు మూసుకుని తీసుకోండి. ఒక్కసారిగా పెద్ద బిల్లు వస్తే ఇంటి లెక్క తలకిందులయ్యే పరిస్థితి ఉన్నా తీసుకోవడమే మంచిది. నెత్తిన భారం దిగిందన్న నిశ్చింతకు కూడా విలువుంది. ధర సబబుగా ఉందో లేదో చూడటానికి నేను వాడే కొలత ఒకటే. బ్యాటరీ వారంటీలోకి రాని భాగాల్లో అన్నిటికంటే ఖరీదైనది ఎంతో సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి. పొడిగింపు మొత్తం అందులో మూడో వంతు లోపు ఉంటే నేనైనా తీసుకునేవాణ్ని. సగం దాటితే వద్దనే అంటాను.

తీసుకునేముందు మాత్రం మినహాయింపుల పేజీ వదలకండి. కెపాసిటీ తగ్గడాన్ని "సహజమైన అరుగుదల" కింద తీసేయవచ్చు. బయట ఎక్కడైనా విప్పినట్టు తెలిస్తే క్లెయిమ్ పోవచ్చు. సర్వీసు ఒక్కటి ఆలస్యమైనా పేచీ పెట్టే అవకాశం ఉంది. కారు అడుగుభాగం రాయికి తగిలి ప్యాక్ దెబ్బతిన్నా, వరద నీరు లోపలికి చేరినా అది వారంటీ వ్యవహారం కానే కాదు, ఇన్సూరెన్స్‌ది. ఈ రెండింటి తేడా తెలియక మనుషులు నానా అవస్థలు పడటం చూస్తుంటే నాకు బాధేస్తుంది. జీవితకాలపు బ్యాటరీ వారంటీ అని ప్రకటించేవి కూడా కొన్ని మొదటి యజమానికి మాత్రమే పూర్తిగా వర్తిస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

డబ్బు పక్కన పెట్టుకునే దారిలోనూ ప్రమాదం లేకపోలేదు. ఎలక్ట్రిక్ కార్లు చూస్తామని బోర్డు పెట్టిన ప్రతివాళ్లకూ పని రాదు. దీన్ని పట్టుకోవడానికి ఏసీ గ్యాస్ నింపే పని గురించి అడగండి. ఎలక్ట్రిక్ కారు కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది, అందులో కరెంటును పారనివ్వని పీఓఈ రకం ఆయిలే వాడాలి. పెట్రోలు కార్లకు వాడే పీఏజీ ఆయిల్ కాస్త కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని, కారు లోపం చూపించి స్టార్ట్ కాకుండా పోవచ్చు. ఒకే గ్యాస్ మెషీన్‌తో అన్ని కార్లకూ నింపేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఆ కంప్రెసరే కనుక, అది పోతే ఏసీ ఒక్కటే కాదు, ఫాస్ట్ ఛార్జింగ్ కూడా నెమ్మదిస్తుంది. కొన్ని భాగాలు మార్చాక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కోడింగ్ చేయించాలి, దానికి సర్వీస్ సెంటర్‌కు వెళ్లక తప్పదు. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఇన్ని చెప్పినా నా మొగ్గు ఇటే. విప్పగల కారు, నమ్మకమైన మెకానిక్ ఉంటే పొడిగింపు డబ్బును విడి ఖాతాలో వేసుకోవడమే నయం. ఏ రిపేరూ రాకపోతే ఆ డబ్బు మనదే.

ప్యాక్ మొత్తం కొత్తది వేయించుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంధన రంగాన్ని పరిశీలించే బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ సంస్థ లెక్కల్లో 2010లో కిలోవాట్ అవర్‌కు 1,000 డాలర్ల పైన ఉన్న ప్యాక్ సగటు ధర 2024లో 115 డాలర్లకు వచ్చింది. అది కార్ల కంపెనీలు కొనే ధర. విడిభాగంగా మనకు పడేది వేరు, దానిమీద పని కూలి అదనం. పాత కారు విలువతో పోలిస్తే చాలావరకు గిట్టదు. గడువు ముగిసేలోపు అమ్మేయడం ఇంకో దారి. కొనేవాడికీ ఇదే భయం కాబట్టి ధర ముందుగానే పడిపోతుంది. ఎలాగూ కారు మార్చాలనుకుంటున్న వాళ్లకు తప్ప దీనివల్ల లాభం లేదు.

ఏ దారి ఎంచుకున్నా గడువు ముగియడానికి నెల ముందు మూడు పనులు చేయండి. ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే చిన్న పరికరం) పెట్టి సెల్ గుంపుల్లో అన్నిటికంటే ఎక్కువ, తక్కువ వోల్టేజీల మధ్య తేడా చూడండి. కారు నిలకడగా ఉన్నప్పుడు ఆ తేడా కొద్ది మిల్లీవోల్టులే ఉండాలి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకే గుంపు ప్రతిసారీ మిగతావాటికంటే బాగా కిందికి పడుతుంటే ఆ రీడింగ్‌తో సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ అయితే నిండుగా ఛార్జ్ చేశాక చూడాలి, మధ్యలో తేడా సరిగ్గా కనబడదు. రెండోది, ఛార్జింగ్ మధ్యలో ఆగడం, పంపు శబ్దం, కూలంట్ తగ్గడం లాంటి అనుమానాలన్నీ జాబ్ కార్డులో రాయించి కాపీ తీసుకోండి. గడువు లోపల నమోదైన లోపం తర్వాత ముదిరితే, అడగడానికి ఆ కాగితమే ఆధారం. మూడోది, ఛాసిస్ నంబరుతో రీకాల్స్ ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి. 2021లో షెవర్లే బోల్ట్‌లకు జరిగినట్టు రీకాల్ కింద బ్యాటరీలు ఉచితంగా మార్చిన సందర్భాలున్నాయి.