ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, కాంటన్: మైక్ వెబ్‌స్టర్ కోసమైనా వెళ్ళండి

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వేరే ఊళ్ళ నుంచి వచ్చే మనవాళ్ళు, ఇంకో రోజు టైముంటే ఏం చూడొచ్చని అడుగుతుంటారు. నేనైతే ఒహాయోలోని కాంటన్ వెళ్ళమంటాను. సుమారు రెండు గంటల డ్రైవ్. గుడి క్యాంటీన్‌లో పులిహోర కట్టించుకుని బయల్దేరితే మధ్యాహ్నం భోజనం గురించి వెతుక్కోనక్కర్లేదు. అక్కడి ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఆ ఆటలో గొప్పవాళ్ళను ఎన్నుకుని గౌరవించే చోటు, చాలా మంచి మ్యూజియం. అమెరికన్ ఫుట్‌బాల్ మీద బొత్తిగా ఆసక్తి లేకపోతే మాత్రం గంటన్నరకే విసుగొస్తుంది, ముందే చెప్తున్నా. కాస్తో కూస్తో ఆట తెలిసినవాళ్ళకు సగం రోజు ఇట్టే గడిచిపోతుంది.

1920 సెప్టెంబర్‌లో ఈ ఊళ్ళోనే రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూమ్‌లో జట్లవాళ్ళు సమావేశమై, ఇవాళ్టి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌కు, పునాది వేశారు. కూర్చోవడానికి చోటు చాలక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీదే కూర్చున్నారట. అందుకే 1963లో మ్యూజియం కూడా ఇక్కడే తెరిచారు. పాత భవనం పైకప్పు ఫుట్‌బాల్ ఆకారంలో ఉంటుంది. లోపల తొలితరం ఆటగాడు జిమ్ థోర్ప్ కంచు విగ్రహం, తోలు హెల్మెట్లు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచినవాళ్ళకిచ్చే ఉంగరాలు. పిల్లలు ఉంగరాల దగ్గర ఆగిపోతారు.

నేను ఆగిపోయేది మాత్రం కంచు తలల గదిలో. హాల్‌లో చోటు దక్కిన ప్రతి ఒక్కరి తలనూ కంచులో పోతపోసి, ఎన్నికైన సంవత్సరం వరసలో అమర్చారు. 1997 వరసలో డాన్ షూలా లాంటి పేరుమోసిన కోచ్ పక్కన మైక్ వెబ్‌స్టర్ ఉంటాడు. నేను ఫిజియోథెరపిస్టుని. ఆ గదిలో ఎన్నెన్ని పేర్లున్నా నేను వెళ్ళేది ఆయన్ని చూడడానికే.

వెబ్‌స్టర్ 1952లో విస్కాన్సిన్‌లోని టోమహాక్‌లో పుట్టాడు. 1974 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు అతన్ని ఐదో రౌండ్‌లో తీసుకుంది. అదే డ్రాఫ్ట్‌లో అదే జట్టు తీసుకున్న లిన్ స్వాన్, జాక్ లాంబర్ట్, జాన్ స్టాల్‌వర్త్ తలలు కూడా ఈ గదిలోనే ఉన్నాయి. అలాంటి డ్రాఫ్ట్ ఇంకోటి లేదంటారు పిట్స్‌బర్గ్‌లో, నేనూ అదే అంటాను.

అతను ఆడింది సెంటర్. వంగి, బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనకున్న క్వార్టర్‌బ్యాక్‌కు (జట్టు దాడిని నడిపించే ఆటగాడికి) అందించి, మరుక్షణం ఎదురుగా మీద పడేవాణ్ణి ఆపాలి. ప్రతి ప్లే, అంటే ఆటలో ఒక్కో విడత, అతని చేతుల్లోంచే మొదలైనా టీవీలో పేరు వినపడదు. మన వికెట్ కీపర్ లాగే, పొరపాటు జరిగితేనే గుర్తొస్తాడు. పిట్స్‌బర్గ్‌లో 15 సీజన్లు, కాన్సస్ సిటీలో రెండు. నాలుగు సూపర్ బౌల్ విజయాలు, తొమ్మిది ప్రో బౌల్స్ (లీగ్‌లో మేటి ఆటగాళ్ళకు ఎంపిక దక్కే మ్యాచ్). గడ్డకట్టే చలిలో కూడా చేతులకు ఏమీ లేకుండా ఆడేవాడు. ‘ఐరన్ మైక్’ అనేవారు.

ఇక్కడివరకూ అందరికీ తెలిసిన కథే. ఆ తలలోపల జరిగింది తెలుసుకుని వెళితేనే ఆ కంచు ముందు నిలబడడానికి అర్థం ఉంటుంది. సెంటర్‌గా ఆడేవాడి తలకు దెబ్బ తగలని ప్లే అరుదు. స్పృహ తప్పేంత దెబ్బ అక్కర్లేదు, చిన్న దెబ్బలే ఏళ్ళ తరబడి వేలసార్లు తగిలితే చాలు. ఆట మానేశాక జ్ఞాపకం చెదిరింది, డబ్బు పోయింది, సంసారం విడిపోయింది. కొన్నాళ్ళు తన పికప్ ట్రక్కులోనే పడుకున్నాడు. 1997లో ఈ మ్యూజియం మెట్ల మీదే సన్మానం జరిగింది. పరిచయం చేయడానికి వచ్చిన స్టీలర్స్ పాత క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా, వేదిక మీదే ఇంకొక్కసారి అతని చేత బంతి అందించుకున్నాడు. తర్వాత వెబ్‌స్టర్ ప్రసంగం దారి తప్పుతూ చాలాసేపు సాగింది. ఆ వీడియో ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, వెళ్ళేముందు తప్పకుండా చూడండి.

2002 సెప్టెంబర్‌లో, 50 ఏళ్ళకే, గుండెపోటుతో పోయాడు. పిట్స్‌బర్గ్‌లో శవపరీక్ష చేసిన బెనెట్ ఒమాలు అనే నైజీరియా డాక్టర్‌కు మెదడు పైకి మామూలుగానే కనిపించింది. అక్కడితో వదిలేయకుండా దాన్ని పలచటి ముక్కలుగా కోయించి సూక్ష్మదర్శినిలో చూస్తే, టావ్ అనే ప్రొటీన్ అసహజంగా పేరుకుని ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడిలో సీటీఈ అనే, తలకు పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే మెదడు జబ్బు బయటపడడం అదే మొదటిసారి. ఆ పరిశోధన 2005లో అచ్చయితే, తల దెబ్బల మీద లీగ్ వేసిన కమిటీలోని డాక్టర్లు దాన్ని ఉపసంహరించమన్నారు. ఒమాలు వెనక్కి తగ్గలేదు. ఆయనంటే నాకు చాలా గౌరవం. వెబ్‌స్టర్ కుటుంబం, అతనికి రావాల్సిన వైకల్య భృతి కోసం ఆటగాళ్ళ పెన్షన్ ప్లాన్ మీద కోర్టుకెళ్ళి 2006లో అప్పీల్‌లోనూ గెలిచింది. తర్వాత వేలమంది మాజీ ఆటగాళ్ళు లీగ్ మీద దావా వేసి పరిహారం ఒప్పందం సాధించారంటే దారి ఇక్కడ పడిందే.

మా అబ్బాయి ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడతాడు, నడుముకున్న జెండా లాగితే చాలు, గుద్దుకోవడం ఉండదు. గుద్దుకుని పడేసే ట్యాకిల్ ఫుట్‌బాల్‌లో చేరే ఫారం మీద సంతకం పెట్టమంటే పెట్టలేదు. వాడికి కోపం వచ్చింది. అయినా పెట్టను. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల్ని ఇక్కడికి తీసుకెళ్ళి వెబ్‌స్టర్ తల ముందు నిలబెట్టి కథంతా చెప్పండి, వాళ్ళకు అర్థమవుతుంది.

ఆగస్టు మొదట్లో కొత్తవాళ్ళను చేర్చుకునే ఉత్సవాలు జరుగుతాయి. ఆ జనంలో కంచు తలల దగ్గర నిలబడే వీలుండదు. హైవే పక్క హోటల్ ఒకటి ఆ వారం మామూలు గదికే మూడింతలు అడిగింది. ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో, వారం మధ్యలో, పొద్దున్నే వెళ్ళండి.