మెటల్‌కి ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ గిటార్: ఏళ్ల తరబడి వాడాక

మెటల్ కోసం గిటార్ కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా బ్రాండ్ దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ట్యూనింగ్. మీరు వాయించాలనుకునే పాటలు మామూలు ఇ స్టాండర్డ్‌లో (గిటార్ సాధారణ శ్రుతిలో) ఉన్నాయా, లావు తీగని డి స్వరానికి దింపే డ్రాప్ డి లోనా, ఇంకా కిందికి, ఆ తీగ సి కి దిగే డ్రాప్ సి దాకా పోతున్నాయా? ఈ ఒక్కటీ తేలితే తీగల లావు, స్కేల్ (తీగ మోగే) పొడవు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) రకం చాలావరకు తేలిపోయినట్టే. పికప్‌ల (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) గొడవ, రంగుల గొడవ తర్వాత పెట్టుకోవచ్చు.

నా దగ్గరున్నది సూపర్‌స్ట్రాట్ తరహా (స్ట్రాటోకాస్టర్ ఆకారాన్ని హెవీ సంగీతానికి మలిచిన) గిటార్. 25.5 అంగుళాల స్కేల్, 24 ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు), పలచటి మేపుల్ నెక్, రెండు హంబకర్లు (రెండు కాయిల్స్ ఉన్న పికప్‌లు), కదలని బ్రిడ్జ్. తీగలు బాడీ వెనక నుంచి దూరి పైకి వస్తాయి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇవే కొలతలతో, 30,000 రూపాయలకు అటూ ఇటూగా, వేర్వేరు పేర్లతో గిటార్లు మన షాపుల్లో దొరుకుతున్నాయి. వాటిలో ఏది కొన్నా కింద రాసిన సంగతుల్లో ముప్పాతిక మీకూ ఎదురవుతాయి. కొన్నది విశాఖలో ఉండగా. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. మొదటి రోజు నుంచీ వాయించేది హార్డ్ రాక్, త్రాష్ (వేగమైన మెటల్), కొంచెం డూమ్ (నిదానమైన మెటల్).

ముందు తీగల సంగతి. ఈ తరహా గిటార్లు సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి 9-42 సెట్‌తో (సన్న తీగ మందం 0.009, లావు తీగది 0.042 అంగుళాలు) వస్తాయి. ఇ స్టాండర్డ్‌లో లీడ్ వాయించడానికి అది హాయిగా ఉంటుంది. లావు తీగ ఇ లో సెకనుకు 82 సార్లు కంపిస్తుంది, డ్రాప్ డి లో 73, డ్రాప్ సి లో 65. చూడ్డానికి పెద్ద తేడా కాదు. కానీ బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి ఇ నుంచి సి కి దింపేసరికి మూడో వంతుకు పైగా బిగువు పోతుంది. అప్పుడు తీగ ఫ్రెట్లకు కొట్టుకుని గరగరమంటుంది. గట్టిగా పిక్ చేస్తే స్వరం ముందు పైకి లేచి, తర్వాత కిందికి జారుతుంది. ట్యూనర్ పెట్టి చూడండి, సూది ఒక చోట నిలవదు.

దీనికి మందు లావు తీగ. 42 తీగ ఇ లో ఎంత బిగువుగా ఉంటుందో 52 తీగ సి లో సుమారు అంత బిగువుగా ఉంటుంది. అందుకే 10-52 సెట్ వాడతాను. సన్న తీగలు మూడూ మామూలు 10 సెట్‌వే కాబట్టి బెండ్‌లకు (తీగని పక్కకి లాగి స్వరం పెంచడానికి) ఇబ్బంది లేదు, కింది మూడూ లావు. ఎర్నీ బాల్, డాడారియో రెండు కంపెనీలూ ఈ సెట్ చేస్తున్నాయి. లెస్ పాల్ తరహా 24.75 అంగుళాల స్కేల్‌తో పోలిస్తే 25.5 మీద అదే తీగకు, అదే స్వరానికి ఆరు శాతం దాకా బిగువు ఎక్కువ. డ్రాప్ సి లో వేగంగా పామ్ మ్యూట్ చేసే (అరచేతి అంచు బ్రిడ్జ్ దగ్గర ఆనించి తీగ మోతని అణిచే) రిఫ్‌లకు, అంటే పదే పదే వచ్చే చిన్న వాయింపులకు, ఆ ఆరు శాతం చేతికి తెలుస్తుంది.

అలాగని పొట్టి స్కేల్ మీద ట్యూనింగ్ దింపకూడదని కాదు. ఈ పద్ధతిని హెవీ మెటల్‌లోకి తెచ్చిన బ్లాక్ సబ్బాత్ టోనీ అయోమీ వాయించింది పొట్టి స్కేల్ ఉన్న గిబ్సన్ ఎస్‌జి మీదే. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడాయన. ఎడమచేతి వాటం కావడంతో ఫ్రెట్లు నొక్కాల్సింది ఆ చేతితోనే. అందుకే వేళ్లకు తొడుగులు, సన్న తీగలు, వదులు ట్యూనింగ్. 1971 నాటికి మూడు సెమిటోన్లు కిందికి దింపి రికార్డు చేశారు. ఆ వదులుతనమే డూమ్‌కి అందం. నిదానంగా సాగే రిఫ్‌కి అది నప్పుతుంది, త్రాష్ డౌన్‌పికింగ్‌కి (ప్రతి దెబ్బా కిందికే కొట్టే వాయింపుకి) నప్పదు.

ఇక బ్రిడ్జ్. షాపులో ఫ్లాయిడ్ రోజ్ ఉన్న గిటార్ పక్కనే పెడతారు, మనసు అటే లాగుతుంది. ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన 1970లలో కనిపెట్టిన ఈ ఏర్పాటులో తీగ నట్ (నెక్ పైకొనలో తీగలు ఆనే పట్టీ) దగ్గరా బ్రిడ్జ్ దగ్గరా బిగించి ఉంటుంది. బార్‌ని (బ్రిడ్జ్‌ని కదిపే కడ్డీని) ఎంత కిందికి తొక్కినా తిరిగి అదే స్వరానికి వస్తుంది. డైవ్ బాంబ్‌లు (బార్ తొక్కి స్వరాన్ని బాగా కిందికి జార్చడం) మీ సంగీతంలో ప్రాణమైతే దానికి సాటి లేదు. కానీ నేను ఒకే సాయంత్రం ఇ లో రెండు పాటలు, డ్రాప్ డి లో మూడు పాటలు వాయిస్తాను. ఫ్లాయిడ్ రోజ్‌లో అది అయ్యే పని కాదు. వెనక స్ప్రింగులూ ముందు తీగలూ ఒకదాన్నొకటి లాగుతూ సమతూకంలో ఉంటాయి కాబట్టి ఒక తీగ దింపితే మిగతా ఐదూ పైకి పోతాయి. స్టేజి మీద ఒక తీగ తెగినా అంతే. ఫిక్స్‌డ్ బ్రిడ్జ్‌లో ఐదు సెకన్లలో డ్రాప్ డి అయిపోతుంది, తీగ తెగినా మిగతా వాటితో పాట ముగించొచ్చు. మొదటి గిటార్ కొనేవాళ్లకు, ముఖ్యంగా దగ్గర్లో మంచి గిటార్ టెక్నీషియన్ లేని ఊళ్లో ఉన్నవాళ్లకు, నా సలహా కదలని బ్రిడ్జే. చౌక గిటార్లకు బిగించే ఫ్లాయిడ్ రోజ్ నకళ్లలో బ్రిడ్జ్ ఆనే కత్తి అంచులు మెత్తటి లోహంతో చేసినవైతే కొన్నాళ్లకే అరిగిపోతాయి. అక్కడితో ట్యూనింగ్ నిలవదు.

లావు తీగలు వేశాక మొదట వచ్చిన తంటా నట్ దగ్గర. ట్యూన్ చేస్తుంటే పెగ్ తిప్పినా స్వరం కదలదు. ఇంకొంచెం తిప్పగానే 'టింగ్' మని ఒక్కసారిగా పావు స్వరం ఎగిరిపడుతుంది. పెగ్‌లు పాడయ్యాయని చాలామంది మార్పించేస్తారు. నేను గిటార్ చూపించిన రిపేరు పెద్దాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, నాలుగో తీగని నట్ వెనక వేలితో ఒకసారి నొక్కి, "బాబూ, పెగ్‌లు శుభ్రంగా ఉన్నాయి. గాడి ఇరుకు, తీగ పట్టేస్తోంది" అన్నారు. సన్నటి ఆకురాయితో లావు తీగల గాళ్లు మూడూ కొంచెం వెడల్పు చేశారు. లోతు మాత్రం ముట్టుకోలేదు, లోతు పెరిగితే తీగ మొదటి ఫ్రెట్‌కి తగులుతుంది. తర్వాత పెన్సిల్ ముల్లు గాడిలో రుద్దారు, గ్రాఫైట్ జారుడుగా ఉంటుందని. ఇప్పటికీ తీగలు మార్చిన ప్రతిసారీ ఆ పెన్సిల్ పని చేస్తున్నాను. గిటార్ కొన్నప్పుడే ఒక సెటప్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి. 25,000 గిటార్‌కి మంచి సెటప్ చేయిస్తే, సెటప్ లేని 50,000 గిటార్ కంటే సుఖంగా వాయించొచ్చు.

సెటప్‌లో చూడాల్సింది మూడు. నెక్ వంపు ట్రస్ రాడ్‌తో (నెక్ లోపలి కడ్డీతో), తీగల ఎత్తు బ్రిడ్జ్ శాడిళ్లతో (ఒక్కో తీగ ఆనే ముక్కలతో), ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం సరిగ్గా పలకడం) శాడిళ్లను ముందుకీ వెనక్కీ జరిపి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2 మి.మీ., సన్న తీగ 1.5 మి.మీ. నాకు సరిపోయింది. ఇంటొనేషన్‌లో డ్రాప్ సి పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. తీగ లావై, స్వరం కిందికి పోయేకొద్దీ ఆరో శాడిల్ వెనక్కి జరగాలి. నా గిటార్‌లో అది చివరిదాకా వెళ్లిపోయింది, ఇంకొక మిల్లీమీటరు కూడా చోటు లేదు. డ్రాప్ సి వరకు సరే. బి లోకి దింపాలంటే ఈ గిటార్ ఒప్పుకోదు. 27 అంగుళాల బారిటోన్, లేకపోతే ఏడు తీగల గిటార్ చూసుకోవాల్సిందే.

విశాఖలో తీగల ఆయుష్షు గురించి సముద్రం పక్కన ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. కోటింగ్ లేని తీగలు రెండు వారాలకే గరుకెక్కి, బెండ్ చేస్తే వేలికి నల్లటి మరక అంటేది. కోటింగ్ ఉన్న ఎలిక్సిర్ రకం తీగలకు మారాక ఆ బాధ తగ్గింది. ధర రెట్టింపుకు పైనే, మన్నిక అంతకంటే ఎక్కువ. చెమట చేసిన అసలు నష్టం తీగలకు కాదు. శాడిళ్ల ఎత్తు సరిచేసే చిన్న అలెన్ స్క్రూలు ఉంటాయి చూడండి, 1.5 మి.మీ. కీ పట్టేవి. పామ్ మ్యూట్ చేసేవాళ్ల అరచెయ్యి సరిగ్గా వాటి మీదే ఆనుతుంది. నా గిటార్‌లో రెండు స్క్రూలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి, తిప్పబోతే కీ పట్టే మూలలు అరిగాయి. చివరికి శాడిళ్లే మార్చాల్సి వచ్చింది. వాయించాక బ్రిడ్జ్‌ని పొడిగుడ్డతో తుడవడం, అప్పుడప్పుడూ సూది మొనతో ఆ స్క్రూలకు చుక్క నూనె పెట్టడం చాలు. నూనె తీగలకు అంటకూడదు.

హైదరాబాద్ వచ్చాక కథ మారింది. ఎండాకాలం గాలి పొడిబారి ఫ్రెట్‌బోర్డు చెక్క కుంచించుకుపోయింది, ఫ్రెట్ల అంచులు నెక్ పక్కన బయటికి పొడుచుకొచ్చి చెయ్యి పైకీ కిందికీ జరిపితే గీసుకునేవి. అంచులు రుద్దించి, ఫ్రెట్‌బోర్డుకు నిమ్మనూనె పట్టించాక మళ్లీ రాలేదు. వానలు మొదలవగానే నెక్ కొంచెం వంగుతుంది, ట్రస్ రాడ్ పావు వంతు తిప్పితే సర్దుకుంటుంది. పలచటి నెక్‌కి ఈ చపలత్వం కొంచెం ఎక్కువే. వేగానికి ఆ నెక్ ఎంత బాగుంటుందో నాకు తెలుసు కాబట్టి ఫిర్యాదు చేయను.

హై గెయిన్‌లో (యాంప్‌లో సిగ్నల్‌ని బాగా పెంచి గరుకు చేసినప్పుడు) అందరినీ వేధించేది శబ్దం. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా చుట్టి ఉంటాయి, కరెంటు హమ్‌ని ఒకదానికొకటి కొట్టేస్తాయి. 1950లలో గిబ్సన్‌లో సెత్ లవర్ చేసిన ఏర్పాటు అది, మెటల్‌కి సింగిల్ కాయిల్ కంటే ఇదే మేలన్నది అందుకే. అయినా నా గదిలో కందిరీగల తుట్టె కదిలించినట్టు మోత వచ్చేది. కారణం గోడకున్న డిమ్మర్ రకం ఫ్యాన్ రెగ్యులేటర్. ఫ్యాన్ మధ్య వేగంలో పెడితే మోత, పూర్తి వేగంలో పెడితే బాగా తగ్గేది, ఆపితే లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రెగ్యులేటర్ మార్పించాను. వాయించనప్పుడు మోతని ఆపే నాయిస్ గేట్ పెడల్ ధరలో అది ఎన్నో వంతో! ఇంకొకటి, తీగల మీద చెయ్యి పెట్టగానే హమ్ ఆగిపోతుంటే గిటార్ లోపలి షీల్డింగ్ (బయటి విద్యుత్ శబ్దాన్ని ఆపే కవచం) చాలడం లేదని అర్థం. చెయ్యి ఆనగానే సన్నగా జివ్వుమంటుంటే మాత్రం ఆ రోజుకి వాయించడం ఆపి ఇంటి ఎర్తింగ్ చూపించండి. పాత అద్దె ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ పై పిన్నుకు వెనక వైరే ఉండదు. యాంప్‌కి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి నెట్టుకురావడం ప్రమాదం.

పికప్‌ల దగ్గర నా అభిప్రాయం కొందరికి నచ్చదు. ఈ ధరలో వచ్చే హంబకర్లు మెటల్‌కి చాలు. కింది స్వరాల్లో కొంచెం మెత్తబడతాయి, నిజమే. యాంప్‌కి ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టి, డ్రైవ్ సున్నాకి దించి, లెవెల్ పూర్తిగా పెంచండి. గెయిన్‌లోకి వెళ్లకముందే బేస్ తగ్గిపోయి, పామ్ మ్యూట్ 'జగ్ జగ్' మని తెగ్గొట్టినట్టు వస్తుంది. ల్యాప్‌టాప్‌లో యాంప్ సిమ్ (యాంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు కూడా ఇదే చేయొచ్చు. అప్పటికీ తృప్తి లేకపోతే ఇఎమ్‌జి 81 లాంటి యాక్టివ్ పికప్ గురించి ఆలోచించండి. దానికి 9 వోల్ట్ బ్యాటరీ కావాలి, కేబుల్ గిటార్‌కి గుచ్చి వదిలేస్తే బ్యాటరీ అయిపోతుంది. అందులో ఆ బిగుతు, ఆ నిశ్శబ్దం బాగుంటాయి గానీ క్లీన్ టోన్ నాకు చప్పగా అనిపిస్తుంది. నేను పికప్‌లు మార్చలేదు.

చిన్న చిన్న లోపాలు రెండు. వాల్యూమ్ నాబ్ బ్రిడ్జ్ పికప్‌కి మరీ దగ్గర, గట్టిగా డౌన్‌పిక్ చేస్తుంటే చిటికెన వేలు తగిలి వాల్యూమ్ తగ్గిపోతుంది. నాబ్ కింద రబ్బరు వాషర్ పెట్టి బిగుతు చేశాను. అవుట్‌పుట్ జాక్ నట్ ఆరు నెలలకోసారి వదులవుతుంది. బిగించేటప్పుడు జాక్‌ని లోపల కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే లోపలి వైర్లు మెలిపడి తెగుతాయి.

వి ఆకారం, ఎక్స్‌ప్లోరర్ ఆకారం కోరుకునేవాళ్లు షాపులో కుర్చీలో కూర్చుని పది నిమిషాలు వాయించి చూడండి. వి గిటార్ తొడ మీద నిలవదు, రెండు కాళ్ల మధ్య దాని కాలు ఇరికించి పట్టుకోవాలి. మనలో చాలామంది ప్రాక్టీసు మంచం అంచున కూర్చునే చేస్తారు.

సెకండ్ హ్యాండ్‌లో ఇదే తరహా గిటార్ దొరికితే సంకోచం లేకుండా చూడొచ్చు. మొదటి ఫ్రెట్‌నీ చివరి ఫ్రెట్‌నీ ఒకేసారి నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు మందాన సందు ఉందో లేదో చూడండి. ట్రస్ రాడ్ నట్ రెండు వైపులా తిరుగుతోందా అని అడిగి, మీ ఎదురుగా తిప్పమనండి. పన్నెండు నుంచి పదిహేనో ఫ్రెట్ వరకు సన్న తీగల కింద గుంతలు పడి ఉంటే ఫ్రెట్ లెవెలింగ్ (ఫ్రెట్లను సమంగా అరగదీసే పని) ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. శాడిల్ స్క్రూలకు అలెన్ కీ పెట్టి ఆరూ తిరుగుతున్నాయో లేదో చూశాకే డబ్బు చేతిలో పెట్టండి.