కొత్త డబ్బానా, షార్ట్ ఎండ్సా, డేటు దాటిన సరుకా: సినిమా ఫిలిం కొనాలంటే ఏది మేలు?

ఫోన్‌తోనే సినిమా తీసేస్తున్న ఈ రోజుల్లో కూడా ఫిలిం మీదే షార్ట్ ఫిలిం తీస్తామని పట్టుబట్టే కుర్రాళ్లు బెజవాడలోనూ గుంటూరులోనూ ఉన్నారు, వాళ్లు మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే, "అన్నా, అడుగు ఎంత పడుద్ది?" అని. అడుగు ధర చెప్పడం తేలికే గానీ దాన్ని పట్టుకుని బడ్జెట్ వేస్తే మునిగిపోతారు. ఎందుకంటే ఫిలిం కొన్న డబ్బుతో పని అయిపోదు, తెప్పించుకోవడానికి కొరియరు, కస్టమ్స్ సుంకం, తీశాక ల్యాబ్‌లో డెవలపింగ్, ఆ తర్వాత స్కానింగ్ ఉంటాయి, ఈ చివరి రెండూ కూడా చాలాచోట్ల అడుగుల లెక్కనే వసూలు చేస్తారు. కాబట్టి అడగాల్సింది అడుగు ధర కాదు, ఎడిటింగ్ టేబుల్ మీదకి వచ్చిన నిమిషం ఎంత పడింది అని.

ఆ లెక్క కోసం ముందు ఫార్మాట్, అంటే ఫిలిం వెడల్పు, తేల్చుకోవాలి. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున 16 ఎంఎం ఫిలిం నిమిషానికి 36 అడుగులు తింటుంది. మామూలు 4 పర్ఫ్ (ఫ్రేముకి నాలుగు అంచు రంధ్రాలు) 35 ఎంఎం అయితే 90 అడుగులు. పది నిమిషాల షార్ట్ ఫిలిం, ఒకటికి నాలుగు రేషియో, అంటే సినిమాలో ఉండే ప్రతి నిమిషానికీ నాలుగు నిమిషాలు తీస్తారు అనుకుంటే 40 నిమిషాల నెగటివ్ కావాలి. 16లో 400 అడుగుల డబ్బాలు నాలుగు తెచ్చుకుంటే సరిపోతుంది, ఇంకో నాలుగు నిమిషాలు మిగులుతుంది కూడా. 35లో అవే డబ్బాలు తొమ్మిది కావాలి, పైగా 35 అడుగు ధరా ఎక్కువే. సూపర్ 8 చవకని చాలామంది అనుకుంటారు, కానీ 50 అడుగుల కార్ట్రిడ్జ్ రెండున్నర నిమిషాలకే అయిపోతుంది, 40 నిమిషాలకి 16 కార్ట్రిడ్జులు పడతాయి, ఒక్కోదానికీ విడిగా డెవలపింగ్, స్కానింగ్. అందుకే కథ చెప్పే షార్ట్ ఫిలిం అయితే నా ఓటు 16కే.

ఇక అసలు గొడవ. ఫిలిం మూడు రకాలుగా దొరుకుతుంది. కంపెనీ సీలు వేసిన కొత్త డబ్బా ఒకటి. పెద్ద షూటింగుల్లో మిగిలిపోయిన ముక్కలు, అంటే షార్ట్ ఎండ్స్, మ్యాగజైన్‌లో (కెమెరాకి తగిలించే ఫిలిం పెట్టెలో) ఎక్కించి వాడకుండానే తిరిగి డబ్బాలో పెట్టేసిన రీక్యాన్లు, ఇది రెండోది. మూడోది డేటు దాటిపోయిన పాత సరుకు.

కొత్త దాంట్లో బేరానికి పెద్దగా చోటు లేదు. ఫ్యూజీ వాళ్లు సినిమా ఫిలిం తయారీని 2013లో ఆపేశారు, జర్మనీ నుంచి ఓర్వో బ్లాక్ అండ్ వైట్ వస్తుంది గానీ కలర్ నెగటివ్ అంటే ఆచరణలో కొడాక్ విజన్3 ఒక్కటే. మన ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు ఇందు పేరుతో ఫిలిం చేసిన రోజులు పోయాయి. పోటీ లేని చోట డిస్కౌంట్ ఎవరిస్తారు? అయినా ఒక దారి ఉంది: కొడాక్ విద్యార్థులకి తగ్గింపు ఇస్తుంది. కాలేజీ ఐడీ, అవసరమైతే డిపార్ట్‌మెంట్ లెటర్ పట్టుకుని ఆర్డర్ పెట్టేముందే అడగాలి, బిల్లు వేయించుకున్నాక గుర్తొస్తే లాభం లేదు. మన టీమ్‌లో ఎవరైనా చదువుకుంటున్నవాళ్లుంటే ప్రాజెక్టు వాళ్ల పేరు మీద వెళ్లేలా చూసుకోండి, అదీ నిజంగా వాళ్ల ప్రాజెక్టే అయితే.

షార్ట్ ఎండ్స్ దగ్గరే అందరూ టెంప్ట్ అవుతారు, 40 శాతం తక్కువ, సగం ధర అని వినపడగానే. ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు లెక్క తేలిగ్గా ఉండటానికి వేసుకున్నవే. కొత్త ఫిలిం అడుగు 100 రూపాయలు, షార్ట్ ఎండ్ 60 అనుకుందాం. డెవలపింగ్, స్కానింగ్ కలిపి అడుగుకి 80 అనుకుందాం, ల్యాబ్ వాడికి మీ ఫిలిం కొత్తదో పాతదో అనవసరం కాబట్టి రెండింటికీ అదే రేటు. అప్పుడు కొత్తది 180, షార్ట్ ఎండ్ 140. 40 శాతం అన్నది ఇక్కడే 22 శాతానికి దిగింది. ఇంతటితో అయిపోలేదు. ప్రతి రోల్ ఎక్కించేటప్పుడు మొదట్లో, చివర్లో కలిపి ఓ పది అడుగులు వృథా అవుతాయి. 400 అడుగుల రోల్‌లో అది లెక్కలోకి రాదు, 120 అడుగుల ముక్కలో మాత్రం ఎనిమిది శాతం పోయినట్టే. ఆ వృథా కూడా కలిపి పనికొచ్చే అడుగుకి ఎంత పడిందో చూస్తే తేడా 17 శాతం దగ్గర ఆగుతుంది. ఒక్కో రోల్‌కి ఇంత అని విడిగా తీసుకునే ల్యాబ్ అయితే, మీ దగ్గర నాలుగు రోల్స్‌కి బదులు పదమూడు ముక్కలుంటే, ఆ 17 కూడా హుళక్కే.

అలాగని షార్ట్ ఎండ్స్ దండగ అనను. రీక్యాన్ అయితే, అదీ నిండా 400 అడుగులదైతే, కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. కాకపోతే డబ్బా మీద రాత చదవడం రావాలి. మంచి అసిస్టెంట్ చేతిలో పడిన డబ్బాకి ఒక తెల్ల టేపు ఉంటుంది, దాని మీద స్టాక్ నంబరు (7219 అంటే 16లో 500టి, 7207 అంటే 250డి; అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుగు చాలు, టి అంటే బల్బు వెలుగుకి, డి అంటే పగటి వెలుగుకి), ఎమల్షన్ నంబరు (ఏ బ్యాచ్‌లో తయారైందో చెప్పేది), ఎన్ని అడుగులు, ఏ తేదీన దించారు, ఎస్‌ఈ (షార్ట్ ఎండ్) అనో రీక్యాన్ అనో రాసి ఉంటుంది. ఇందులో తేదీ లేకపోతే వదిలేయండి. ఎమల్షన్ నంబర్లు తలా ఒకటి ఉంటే ఒకే సీన్‌లో కలపకండి, రంగులో చిన్న తేడా వస్తే గ్రేడింగ్‌లో, అంటే రంగులు సరిచేసేటప్పుడు, తల పట్టుకోవాలి. 2025 నుంచి కొడాక్ విజన్3 ఫిలిం వెనక ఉండే నల్లటి రెమ్‌జెట్ పూత తీసేసి కొత్త తరహా పొర పెడుతోంది కాబట్టి మార్కెట్‌లో పాతవీ కొత్తవీ కలిసి తిరుగుతున్నాయి, మీ చేతిలో ఏది ఉందో ల్యాబ్‌కి ముందే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం క్లిప్ టెస్ట్. రోల్ చివరి నుంచి కొన్ని అడుగులు కత్తిరించి, ఎక్స్‌పోజ్ చేయకుండానే ల్యాబ్‌లో డెవలప్ చేయిస్తే బేస్ ఫాగ్, అంటే వెలుగు తగలకుండానే ఫిలిం మీద వచ్చే మసక, ఎంత పెరిగిందో మీటర్ మీద తెలిసిపోతుంది. టెస్ట్ రిపోర్ట్ చూపించని వాడి దగ్గర కొనడం మీ ఇష్టం, నేనైతే కొనను.

డేటు దాటిన సరుకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫ్యూజీ ఎటర్నా అని ఊరించే డబ్బాలన్నీ ఈపాటికి పదేళ్లు దాటినవే. పదేళ్లకి ఒక స్టాప్ ఎక్కువ ఎక్స్‌పోజర్, అంటే రెట్టింపు వెలుగు, ఇవ్వమని ఓ వాడుక సూత్రం ఉంది, అది ఓ మేరకే పనిచేస్తుంది, నీడల్లో పాలు పోసినట్టు వచ్చే ఫాగ్ దాంతో పూర్తిగా పోదు. 50డి లాంటి స్లో ఫిలిం కాస్త తట్టుకుంటుంది, 500టి త్వరగా పాడవుతుంది. మ్యూజిక్ వీడియోకో ప్రయోగానికో వాడుకోండి. నటీనటుల్ని మళ్లీ పిలవలేని సీన్‌కి మాత్రం వద్దు.

అన్నట్టు, గాంధీనగర్‌లో పాత డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో ఫిలిం డబ్బాలు పడి ఉంటాయట కదా, అవి చవగ్గా వస్తాయా అని కూడా అడుగుతుంటారు. అవి థియేటర్‌లో ఆడిన ప్రింట్లు, వాటి మీద సినిమా ఎప్పుడో పడిపోయింది, వాటితో షూటింగ్ చేయలేరు. మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే బేస్, అంటే ఫిలిం పట్టీయే, కుళ్లుతోందని అర్థం, మీ కొత్త ఫిలిం దరిదాపుల్లో కూడా పెట్టకండి.

మన ఊరికి మాత్రమే ఉన్న ఇంకో ఖర్చు ఎండ. ఫిలింని 13 డిగ్రీల లోపు ఉంచమంటారు, మే నెలలో బెజవాడలో కొరియర్ గోడౌన్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. డిసెంబర్, జనవరిలో తెప్పించుకోండి, రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, షూటింగ్ రోజు బయటికి తీశాక 16కి కనీసం గంటన్నర, 35కి మూడు నాలుగు గంటలు సీలు విప్పకుండా ఆగండి, లేకపోతే ఫిలిం మీద చెమ్మ పడుతుంది. ల్యాబ్ ఎలాగూ ఊళ్లో లేదు కాబట్టి తీసిన నెగటివ్ కూడా ప్రయాణం చేయాల్సిందే. గన్నవరం నుంచి ఫ్లైట్‌లో తీసుకెళ్తే చెకిన్ లగేజీలో అసలు వేయొద్దు, కొత్త రకం సీటీ స్కానర్లు ఫిలింని ఫాగ్ చేసేస్తాయి, చేత్తో చెక్ చేయమని బతిమాలుకోవాలి. వీలైతే రైలెక్కండి, స్టేషన్‌లో స్కానర్ ఉంటే అక్కడా జాగ్రత్తే.

నన్నడిగితే మొదటి సినిమాకి 16లో కొత్త 250డి నాలుగు డబ్బాలు, స్టూడెంట్ రేటు మీద. రెండు మూడు రకాల స్టాక్ తెచ్చుకుంటే ప్రతిదాంట్లోనూ కొంత మిగిలి వృథా అవుతుంది, ఒకటే ఉంటే చివరి అడుగు దాకా వాడుకోవచ్చు. మన మధ్యాహ్నం ఎండకి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసుకోండి, ఇంట్లో సీన్లు కిటికీ వెలుగులో కానిచ్చేయండి. ఆర్డర్ పెట్టేముందు కెమెరా ఒకసారి చూసుకోండి, అద్దెకి తెచ్చేది మామూలు బోలెక్స్ (చిన్న 16 ఎంఎం కెమెరా) అయితే దానికి 100 అడుగుల డేలైట్ స్పూల్, అంటే వెలుగులోనే ఎక్కించగలిగే చుట్ట, కావాలి, కోర్ మీద చుట్టిన 400 అడుగుల రోల్ విడిగా మ్యాగజైన్ ఉంటే తప్ప అందులో పట్టదు. మధ్యలో మంచి రీక్యాన్ ఏదైనా దొరికితే, టెస్ట్ రిపోర్ట్‌తో సహా, నాలుగో డబ్బాకి బదులు అది తీసుకుని, పోయినా పర్లేదనుకునే షాట్లకి వాడండి.