పాత టూల్ ట్రాలీ: ఆరేళ్లు వాడాక చక్రాల గురించి చెప్పాలి

2019లో చెన్నై పుదుపేట తుక్కు అంగట్లో కొన్న ఏడు సొరుగుల ఇనప ట్రాలీ అంబత్తూరులోని మా లేత్ షాపులో ఇప్పటికీ రోజూ పనికొస్తోంది. తుప్పు గోకడం, రెడ్ ఆక్సైడ్ కొట్టడం, పైన హ్యామర్‌టోన్ పెయింట్ వేయడం అందరూ చేసేవే. చెప్పాల్సింది చక్రాల గురించి.

మొదట దానికి ఉన్నవి పోత ఇనప చక్రాలు. సిమెంటు నేల మీద కదిపితే పక్క షాపు దాకా చప్పుడు. అందుకే చెన్నైలోని ప్యారీస్ కార్నర్‌లో నాలుగు పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పొర ఉన్న) చక్రాలు కొని బిగించాను. అంత బరువూ ఒక్క చేత్తో నెడితే కదులుతుంటే ఎంత ముచ్చటేసిందో! మొత్తం పనిలో ఇదే సరైన ఖర్చని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. పాతవి తుక్కుకి వేసేశాను.

నాలుగేళ్లు బాగానే నడిచాయి. చివర్లో వేలు పెడితే కొంచెం జిగురుగా తగిలేవి. నూనె పట్టిందనుకుని తుడిచి వదిలేశాను. 2023 డిసెంబరు 4న, మిగ్‌జాం తుపాను వానకి షాపులోకి నీళ్లు రావడం మొదలైంది. ట్రాలీని గుమ్మం పక్కనున్న గట్టు వైపు తోశాం. సగం దూరం వెళ్లామో లేదో ముందు చక్రం మీది పీయూ పొర ముక్కలు ముక్కలుగా ఊడిపోయి ట్రాలీ ఒరిగింది. నేనూ మా కుర్రాడూ పట్టుకుని పడకుండా ఆపాం గానీ ఎత్తలేకపోయాం. పై సొరుగులు ఒక్కొక్కటే లాగి గట్టు మీదికి చేర్చాం. అడుగుది ఆ వంపుకి బిగుసుకుపోయి రాలేదు. రంధ్రంలో మరలు కోసే ట్యాపులు, రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చే రీమర్లు (మా నాన్న వాడినవి) అందులోనే ఉన్నాయి. నీళ్లు దిగి బయటికి తీసేసరికి అంచులన్నీ తుప్పు. రీమర్‌కి అంచు పోతే ఇక సైజు రాదు. ఆ బాధ ఇంకా పోలేదు.

పీయూలో రెండు రకాలున్నాయని తర్వాత తెలిసింది. పాలిస్టర్ రకం వేడీ తేమా కలిసిన చోట క్రమంగా విడిపోతుంది, కదపకుండా నిలబెట్టినా సరే. పాలీఈథర్ రకం తేమకి బాగా ఆగుతుంది. చెన్నై గాలికి మొదటిది పనికిరాదు. అమ్మినవాళ్లు ఏ రకమో చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు.

ఇప్పుడు మళ్లీ పోత ఇనప చక్రాలే వేశాను, గ్రీజు కొట్టే నిపుల్ (చిన్న మూతి) ఉన్నవి. చప్పుడు తిరిగొచ్చింది, భరిస్తున్నాను. సొరుగుల పట్టాలకి మాత్రం గ్రీజు పెట్టను, ఇనప రజను అంటుకుంటుంది. కొవ్వొత్తి రుద్దితే చాలని ఇదివరకు చెప్పేవాణ్ణి. పై సొరుగులకి చాలు. బరువు నిండిన అడుగు సొరుగు మాత్రం ఇప్పటికీ మొరాయిస్తుంది.

మాది గరుకు సిమెంటు నేల, ట్రాలీని కదిపేది వారానికి ఒకసారి, పైన కాపురాలు లేవు. అందుకని నాకు ఇనుము సరిపోయింది. టైల్స్ వేసిన చోటైతే, పైన ఇళ్లుంటే పీయూనే తీసుకోవాలేమో. అప్పుడు పాలీఈథర్ అని బిల్లు మీద రాయించుకోండి. నేనైతే అడుగు సొరుగులో స్పానర్లే పెడుతున్నాను. కొత్త రీమర్లు పైనుంచి రెండో దాంట్లో ఉన్నాయి.